నేమి: ఒక చిన్న సరస్సు, రెండు ఓడలు

ఇటలీ దేశపు సరస్సులనగానే కోమో, గార్దా, మజ్జోరె మొదలైన ఉత్తరదేశపు పెద్ద సరస్సులు జ్ఞప్తికి వచ్చును. ఆల్ప్స్ పర్వతముల పాదముల చెంత నున్న ఆ సరస్సుల సౌందర్యమును యాత్రికులు వేనోళ్ల పొగడియున్నారు. నేడు నేను ప్రసంగింపబోవునది వానిని గూర్చి కాదు. రోము నగరమునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ఆల్బన్ కొండల నడుమ, నేమి యను చిన్న సరస్సు కలదు. దాని వైశాల్యము రెండు చదరపు కిలోమీటర్లకైన నిండదు. తీరము వెంట నడక మొదలిడినవాడు రెండు గంటలలో చుట్టి రాగలడు. సరస్సు కెదురుగా కొండకొమ్మున నిలిచిన ఊరి పేరును నేమియే. అందలి జనసంఖ్య సుమారు రెండు వేలు.

ఇంత చిన్న ఊరిని గూర్చి ఇంతసేపు చెప్పుట కేమున్నదని శ్రోతలు అనుకొనవచ్చును. ఈ ఊరి చరిత్రలో ఒక విచిత్రమైన లెక్క యున్నది. నీరు 1900 ఏండ్లు భద్రముగా దాచియుంచిన వస్తువును గట్టునకు తెచ్చిన మానవుడు పట్టుమని పదునైదేండ్లు దాచలేకపోయెను. ఆ లెక్కను విప్పి చెప్పుటయే నా ఉద్దేశము.

మొదట స్థలమును పరికింతము. నేమి సరస్సు నది వలన ఏర్పడినది కాదు. ఒకానొక కాలమున నిప్పులు గ్రక్కిన అగ్నిపర్వతము చల్లారిన పిమ్మట, దాని నోటిలో వాననీరును ఊటనీరును చేరి ఈ సరస్సు అయినది. అందుచేత దీని గట్టులు నలువైపుల నిట్టనిలువుగా లేచి, లోతైన గిన్నె యడుగున నీరు నిలిచినట్లు కనిపించును. కొండల మరుగున గాలి అంతగా సోకదు గనుక నీటిపై అలలు తక్కువ. ఆకాశమును, ఒడ్డుననున్న చెట్లును అందులో చెక్కుచెదరక ప్రతిబింబించును. ప్రాచీన రోమనులు దీనిని దియానా దేవి అద్దమని పిలిచిరి. నేమి యను పేరు 'నెముస్' అను లాటిన్ పదము నుండి వచ్చినది. పవిత్రమైన వనమని దాని భావము.

ఊరు సరస్సు మట్టముకంటె సుమారు 200 మీటర్ల యెత్తున నున్నది. ఊరిలో ప్రవేశించిన వెంటనే కన్నుల కగుపడునది రుస్పోలి వారి కోట. దాని గుండ్రని బురుజు మధ్యయుగము నాటిది. తుస్కులుమ్ ప్రభువులు, సిస్టర్షియన్ సన్న్యాసులు, కొలొన్నా, ఫ్రాంజిపానె, బ్రాస్కి, ఒర్సీని, రుస్పోలి వంశములవారు ఒకరి వెనుక ఒకరు ఈ ఊరి నేలిరి. ఊరి చివర సిలువస్వామి మందిర మున్నది. అందలి కొయ్యవిగ్రహమును విన్చెంజొ దా బస్సియానొ అను సన్న్యాసి 1669లో చెక్కెను. కోట ముందరి వీధి దాటి గట్టు అంచున నిలిచినచో, క్రింద సరస్సును, ఆవలి గట్టున జెన్జానో పట్టణమును ఒక్కచూపులో కనిపించును. సరస్సు ఉత్తరపు టొడ్డున, చెట్లకును తోటలకును నడుమ, రెండు పెద్ద గిడ్డంగులవలె పొడుగైన కట్టడ మొకటి అగుపడును. మన కథ తుదకు అక్కడికే చేరును. దానిని గుర్తుంచుకొనుడు.

ఆ కట్టడమునకు సమీపముననే ప్రాచీనకాలమున దియానా దేవి ఆలయము వెలసియుండెను. ఆమె అరణ్యములకు, వేటకు అధిదేవత. ప్రసవవేదన పడు స్త్రీలను కాపాడు తల్లియు ఆమెయే. ఏటేట ఆగస్టు 13వ తేదీన, కోరికలు తీరిన స్త్రీలు దివిటీలు చేతబూని రోము నుండి ఇచ్చటికి వచ్చెడివారు. ఆ దివిటీల వెలుగులు నిశ్చలమైన నీటిలో ప్రతిఫలించిన దృశ్యమును ఊహించుకొనవచ్చును. మ్రొక్కుబడిగా వారు సమర్పించిన మట్టిబొమ్మలు, బిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లుల ప్రతిమలు, త్రవ్వకములలో విరివిగా దొరకినవి. 1885లో రోములోని బ్రిటిష్ రాయబారి సర్ జాన్ సేవిల్ ఇచ్చట త్రవ్వకములు జరిపించెను. ఆయనకు వచ్చిన భాగము ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరమునకు చేరినది. కొన్ని శిల్పములు డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ చేరినవి. నేమి సంపద ఈ విధముగా దేశదేశముల పాలాయెను.

ఈ ఆలయమునకు ఒక భయంకరమైన ఆచారము ఉండెను. ఇచ్చటి పూజారిని వనరాజు అనెడివారు. ఆ పదవి యజమాని వద్దనుండి పారిపోయి వచ్చిన బానిసకు మాత్రమే దక్కును. వాడు పవిత్రవనములోని ఒక చెట్టుకొమ్మను విరిచి, ఉన్న పూజారిని ద్వంద్వయుద్ధమునకు పిలిచి, చంపి, తాను పూజారి కావలెను. తరువాత తన కట్టి గతియే పట్టువరకు వాడును కత్తి చేతబట్టి నలుదిక్కులు చూచుచు నుండవలెను. గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు స్త్రాబో ఆ పూజారిని ఇట్లే వర్ణించియున్నాడు. ఈ ఆచారమునకు కారణ మేమను ప్రశ్నతో బయలుదేరి, కేంబ్రిడ్జి పండితుడు జేమ్స్ ఫ్రేజర్ ప్రపంచములోని నానాజాతుల ఆచారములను పరిశోధించి 'బంగారు కొమ్మ' యను మహాగ్రంథమును రచించెను. అది 1890లో రెండు సంపుటములుగా వెలువడి, క్రమముగా పెరిగి మూడవ కూర్పు నాటికి పన్నెండు సంపుటములైనది. ఆయన తన గ్రంథమును టర్నర్ అను ఆంగ్ల చిత్రకారుని ప్రసిద్ధచిత్రమును స్మరించుచు, అందున్నది నేమి యని చెప్పుచు ఆరంభించెను. నిజమునకు టర్నర్ చిత్రించినది నేపుల్సు దగ్గరి అవెర్నో సరస్సును. అయినను ఆ పొరపాటు నేమి కీర్తిని పెంచినదే గాని తగ్గించలేదు.

సరస్సులోనికి నీరు వచ్చుటకు దారులున్నవి గాని, పోవుటకు సహజమైన దారి లేదు. వానలు మిక్కుటమైనచో నీరు పెరిగి ఒడ్డుననున్న ఆలయమును ముంచును. అందుచేత క్రీస్తునకు నాలుగైదు శతాబ్దముల పూర్వమే ఇచ్చటివారు కొండ నడుమగా సొరంగము త్రవ్వి, సరస్సు నీటిని ఆవలనున్న అరిచ్చా లోయలోనికి మళ్లించిరి. దాని పొడవు 1600 మీటర్లకు పైబడియున్నది. రెండు కొనలనుండియు త్రవ్వుకొని వచ్చి కొండ గర్భములో కలిసికొనిరి. ఇనుప ఉలియు సుత్తియు దప్ప వేరు సాధనములు లేని కాలములో వారు సాధించిన ఈ పని నేటి ఇంజనీర్లకును ఆశ్చర్యము గొలుపును. ఈ సొరంగమును గూడ గుర్తుంచుకొనుడు.

ఇక ఓడల కథ. క్రీ.శ. 37 నుండి 41 వరకు రోమును ఏలిన చక్రవర్తి కలిగులా. విలాసములకును క్రౌర్యమునకును అతడు పేరు మోసినవాడు. అతడు ఈ చిన్న సరస్సులో రెండు మహానౌకలను కట్టించెను. మొదటిది పొడవున 70 మీటర్లు, వెడల్పున 20 మీటర్లు. రెండవది పొడవున 73 మీటర్లు, వెడల్పున 24 మీటర్లు. గంటసేపు సాగుటకైన చోటులేని ఈ నీటిలో వానికి ప్రయాణముతో పని లేదు. అవి నీటిపై తేలు మందిరములు. చలువరాళ్లు పరచిన నేల, రంగురాళ్లు పొదిగిన ముగ్గులు, కంచుతో పోతపోసిన సింహపు తలలు, తోడేలు తలలు వానికి అలంకారములు. అందలి సీసపు గొట్టములపై ఆ చక్రవర్తి పేరు చెక్కబడియున్నది. కలిగులా 41లో హత్య చేయబడెను. తరువాత ఆ ఓడలును నీట మునిగెను.

మునిగినను ఊరివారు వానిని మరువలేదు. జాలరుల వలలకు అప్పుడప్పుడు చెక్కలు, మేకులు తగులుచుండెడివి. 1446లో కార్డినల్ ప్రాస్పెరో కొలొన్నా వానిని పైకి తీయించు పనిని లెయోన్ బత్తిస్తా అల్బెర్తికి అప్పగించెను. వాస్తుశిల్పిగను గ్రంథకర్తగను అల్బెర్తి ఆ కాలమున గొప్పవాడు. అతడు ఖాళీ పీపాలను వరుసగా కట్టి తెప్ప చేసి, దానిపై గిరకలు నిలిపి, జెనోవా నుండి ఈతగాండ్రను రప్పించెను. వారు మునిగి కొక్కెములు తగిలించిరి. త్రాళ్లు లాగగా ఓడ కదలలేదు. దాని ముక్క యొకటి మాత్రము విరిగి పైకి వచ్చెను. 1535లో ఫ్రాంచెస్కో దె మార్కి యను ఇంజనీరు, తలను మొండెమును కప్పు కొయ్యతొడుగు ధరించి, దాని అద్దపు కిటికీ గుండ చూచుచు నీటి యడుగునకు దిగి కొలతలు తీసెను. 1827లో అన్నేసియో ఫుస్కోని యనువాడు ఎనమండుగురు కూర్చుండదగిన గంట యాకారపు తొట్టిని దింపెను. పైకి తెచ్చిన చెక్కలతో చేతికర్రలును, పొడుము డబ్బీలును చేయించిరట. 1895లో ఎలిసేయో బోర్గి యను పురావస్తువుల వర్తకుడు ఈతగాండ్రను దింపి చక్కని కంచుబొమ్మలను లాగించెను. కాని వానితోపాటు పెద్ద పెద్ద దూలములు ఊడివచ్చి పాడయ్యెను. అప్పటికి ప్రభుత్వము మేల్కొని ఆ పనిని నిలిపివేసెను.

ఈ నాలుగు ప్రయత్నములలో నొక నీతి యున్నది. ప్రతివాడును ఓడను తీయవలెనని దిగెను. ప్రతివాడును దానిని కొంత విరిచి వదలెను. నాలుగున్నర శతాబ్దములలో ఓడలకు జరిగిన హాని, అంతకుముందు పదునాలుగు శతాబ్దములలో నీటివలన జరిగిన హానికంటె ఎక్కువ. నౌకాదళపు ఇంజనీరు విత్తోరియో మల్ఫాత్తి ఓడలున్న స్థలమును పరీక్షించి సూటియైన మాట నొకటి చెప్పెను: ఓడను నీటిలోనుండి తీయుట కాదు, నీటినే ఓడపైనుండి తీయవలెను.

ఆ మాట ముప్పది యేండ్లకు ఫలించినది. ప్రాచీన రోము వైభవమునకు తామే వారసులమని చాటుకొనదలచిన ముస్సోలినీ ప్రభుత్వము ఈ పనికి పూనుకొనెను. నీటిపంపులు తయారుచేయు మిలాన్ సంస్థకు చెందిన ఇంజనీరు గూయిదో ఉచెల్లి దానికి ఆయువుపట్టు అయ్యెను. 1928 అక్టోబరు 20న విద్యుత్తు పంపులు నడువసాగెను. తోడిన నీటిని ఎక్కడికి పంపవలెను? నేను గుర్తుంచుకొనుమన్న ఆ ప్రాచీన సొరంగము ఇచ్చట అక్కరకు వచ్చినది. దానిని శుభ్రపరచి, ఆ దారినే నీటిని పంపిరి. రెండు వేలయేండ్లకు పూర్వము కొండను తొలిచినవారి శ్రమ ఇరువదవ శతాబ్దపు యంత్రములకు తోడ్పడెను.

1929 మార్చి 28న మొదటి ఓడ చెక్క నీటినుండి తల యెత్తెను. క్రమముగా సరస్సు మట్టము 20 మీటర్లకు పైగా తగ్గినది. అయితే ప్రకృతి ఊరకుండలేదు. మీది నీటిబరువు తొలగిన అడుగుభూమి 1931 ఆగస్టు 21న కుంగిపోయి, బురద ఉబికి వచ్చెను. పని నిలిచిపోయెను. పంపులు ఆగినందున నీరు మరల పెరిగి, అప్పటికింకను బయటికి లాగని రెండవ ఓడను కప్పివేసెను. మరుసటి యేడు తిరిగి పని సాగించి, 1932 అక్టోబరులో దానిని గట్టు చేర్చిరి.

ఆ ఓడలు ఏమి చెప్పినవి? విలాసమును గూర్చి చెప్పినదానికంటె పనివాని నేర్పును గూర్చి ఎక్కువ చెప్పినవి. పలకల అంచులలో గాడులు తొలిచి, వానిలో చెక్కబిళ్లలు దూర్చి, పలకకు పలకను బిగించి, అడ్డముగా చీలలు కొట్టియుండిరి. దానిపై తారు పట్టించిన ఉన్నిబట్టను, ఆపై పలుచని సీసపు రేకును తొడిగిరి. లంగరులలో నొకటి అడ్డుకమ్మిని తీసి పెట్టుటకు వీలైనది. బ్రిటిష్ నౌకాదళము పందొమ్మిదవ శతాబ్దములో క్రొత్తదని స్వీకరించిన లంగరు అటువంటిదే. కంచుగుండ్లపై తిరుగు కొయ్యపీట యొకటి దొరకినది. నేడు మన సైకిలు చక్రములో నున్న బాల్ బేరింగు సూత్రమే అందులోనిది. రోమనులు పెద్ద ఓడలను కట్టలేరనియు, గ్రంథములలోని వర్ణనలు అతిశయోక్తులనియు తలచినవారు ఆ ఓడల ముందు నిలిచి తమ మాటను వెనుకకు తీసికొనవలసి వచ్చినది.

ఓడలను భద్రపరచుటకు విత్తోరియో బల్లియో మోర్పుర్గో అను వాస్తుశిల్పి ఒక మ్యూజియమును నిర్మించెను. మొదట నేను చూపిన పొడుగైన జంటకట్టడము అదియే. ఒక్కొక్క శాలయందు ఒక్కొక్క ఓడ. ఓడలను లోనికి లాగిన తరువాతనే సరస్సు వైపు గోడను మూసిరి. 1940లో దానిని తెరచిరి. అదే యేడు జూను నెలలో ముస్సోలినీ ఇటలీని యుద్ధములోనికి దింపెను. కీర్తి కొరకు ఓడలను నీటినుండి తీసిన ప్రభుత్వమే, వానిని కబళింపబోవు అగ్నిని గూడ పిలిచినది.

1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోగా జర్మను సేనలు దేశమును ఆక్రమించెను. 1944 జనవరిలో మిత్రరాజ్యముల సైన్యము ఆన్జియో తీరమున దిగెను. ఆల్బన్ కొండలు యుద్ధభూమి అయ్యెను. విలువైన కంచువస్తువులను ముందుగనే రోమునకు తరలించిరి. ఓడలను తరలించు టెట్లు? 70 మీటర్ల ఓడ ఏ బండిపై నెక్కును? మ్యూజియము చెంతనే జర్మను ఫిరంగులు నిలిచెను. మే 31వ తేదీ సాయంకాలము ఆ ప్రాంతముపై గుండ్లు పడెను. రాత్రి మ్యూజియములో మంటలు లేచెను. తెల్లవారునప్పటికి రెండు ఓడలును బూడిదకుప్పలైనవి. నాలుగు దినముల తరువాత, జూను 4న, మిత్రసేనలు రోములో ప్రవేశించెను. నాలుగు దినములు! 1900 ఏండ్లు గడచిన ఓడలకు ఆ నాలుగు దినములు గడువవయ్యెను.

నిప్పు పెట్టినదెవరు? అదే యేడు నియమింపబడిన విచారణసంఘము, జర్మను సైనికులు బుద్ధిపూర్వకముగ తగులబెట్టి యుందురని అభిప్రాయపడెను. మిత్రసేనల ఫిరంగిగుండ్ల వలననే మంటలు పుట్టియుండవచ్చునని ఇటీవలి పరిశోధకులు వాదించుచున్నారు. దోషమును ఏ పక్షమున కంటగట్టినను ఓడలు తిరిగి రావు. యుద్ధములో చిక్కిన వస్తువునకు మిత్రుని గుండును శత్రుని నిప్పును ఒక్కటే.

అయితే సర్వమును పోయినదా? పోలేదు. గూయిదో ఉచెల్లి ఓడల ప్రతి పలకను, ప్రతి మేకును కొలిపించి, పటములు గీయించి, ఛాయాచిత్రములు తీయించి, 1940లోనే 'నేమి ఓడలు' అను పెద్ద గ్రంథమును ప్రకటించెను. యుద్ధానంతరము, 1950లో, దానికి రెండవ కూర్పు వెలువడెను. ఆ కొలతల ఆధారముననే అయిదవ వంతు పరిమాణములో నమూనా ఓడలను చేయించి, 1953లో మ్యూజియమును తిరిగి తెరచిరి. 1962లో మూతపడిన ఆ మ్యూజియము 1988లో మరల తెరువబడినది. అల్బెర్తి కొక్కెములు, ఫుస్కోని తొట్టి చేయలేని పనిని కాగితమును పెన్సిలును చేసినవి. వస్తువును కాపాడుట ఎల్లప్పుడు మన చేతిలో నుండదు. దానిని శ్రద్ధగా చూచి, కొలిచి, వ్రాసియుంచుట మాత్రము మన చేతిలోనిదే.

ఓడల కథకు ఇటీవల మరియొక చిన్న అధ్యాయము చేరినది. ఒక ఓడ నేలపై పొదిగిన రంగురాళ్ల పలక అమెరికాలోని న్యూయార్కు నగరమున ఒక యింటిలో కాఫీబల్లగా వాడబడుచుండెను. యుద్ధమునకు పూర్వము అది నేమి మ్యూజియములోనిదే. దానిపై అగ్ని గుర్తులు లేవు గనుక మంటలకు ముందే అక్కడినుండి తరలినదని పండితులు తలచిరి. ఇటలీనుండి వచ్చిన పురావస్తువేత్త యొకడు పుస్తకావిష్కరణ సభలో దాని చిత్రమును చూపగా, సభలోని వారు గుర్తుపట్టిరి. 2017లో అధికారులు దానిని స్వాధీనము చేసికొనిరి. 2021 మార్చిలో అది నేమి మ్యూజియములో తన స్థానమున నిలిచినది. చక్రవర్తి పాదముల క్రింద నుండిన రాళ్లు, కాఫీకప్పులను మోసి మోసి, తుదకు ఇల్లు చేరినవి.

ఇంతకును నేమివాసులు తమ ఊరి పేరు చెప్పగానే మొదట తలచునది కలిగులాను కాదు, ఓడలను కాదు, స్ట్రాబెరి పండ్లను. అగ్నిపర్వతపు బూడిదతో సారవంతమైన ఆ గట్టులపై చిటికెనవ్రేలి కొనంత అడవి స్ట్రాబెరీలు పండును. వాని సువాసన ప్రసిద్ధము. 1922 నుండి ఏటేట జూను మొదటి ఆదివారమున స్ట్రాబెరి పండుగ జరుగుచు వచ్చినది. ఆనాడు స్త్రీలు ఎఱ్ఱని పావడయు, నల్లని రవికయు, తెల్లని పైవస్త్రమును ధరించి, పండ్లబుట్టలతో ఊరేగుదురు. ఒకనాడు స్త్రీలు దివిటీలతో దిగివచ్చిన సరస్సు గట్టుననే, నేడు వారు పండ్లతో నడచుచున్నారు.

సాయంకాలము యాత్రికులు వెడలిపోయిన తరువాత, గట్టు అంచున నిలిచి క్రిందికి చూచినచో, సరస్సు మరల అద్దమువలె నుండును. అందులో కొండ కనిపించును, కోట కనిపించును, మ్యూజియపు జంటశాలలు కనిపించును. ఆ నీరు తాను దాచినదానిని మనకు అప్పగించెను. అప్పగించిన సొమ్మును మన మేమి చేసితిమని అది అడుగదు. ఆ ప్రశ్న మనలను మనమే అడుగుకొనవలెను.